ఆయాసమొస్తే ఆడనే కూచో

నా కూతురి గుండె గురించి నేను భయపడ్డ రోజులను గుర్తున్నంతవరకు రాసి పెట్టుకుంటున్నాను. ఎమ్మిగనూరులో నన్ను ఎరిగినవాళ్ళు ఇది చదివితే నవ్వుతారు, పద్మకు కూడా భయమా అని. నిజమే, నాకు నోరెక్కువ. ఆదోనిలో డిగ్రీ చదివే రోజుల్లో లెక్చరర్లు నన్ను ప్రశ్న అడగడానికి జంకేవాళ్ళు. పెళ్ళయి ఇన్నేళ్ళయినా ఆ అలవాటు పోలేదు. అయితే నోరున్నవాళ్ళకు భయముండదని ఎవరైనా అనుకుంటే అది పొరపాటు. మా ఇంట్లో భయం నా నోట్లోంచే బయటికొచ్చింది, వచ్చి నా బిడ్డ మీద కూర్చుంది. అలాంటి నోరున్న తల్లి ఇంకెవరైనా ఉంటే ఆమె కోసమే ఇది రాస్తున్నాను.

ముందు మా ఇంటి అలవాటొకటి చెప్పాలి. మాది నేత పని చేసే కుటుంబం. వీధివైపు గదిలో నా చీరల అంగడి, వెనక గదిలో గుంట మగ్గం. మగ్గం ఆడుతున్నంతసేపూ దాని చప్పుడు మా చెవికెక్కదు. ఆగితేనే తెలుస్తుంది. ఆగగానే ఇంట్లో ఎవరు ఏ పనిలో ఉన్నా "పోగా?" అని కేకేస్తారు, పోగు తెగిందా అని. మగ్గం మీదున్న మనిషి "పోగే" అంటాడు. అంటే తెగింది పోగే, భయపడాల్సిందేమీ లేదని. మళ్ళీ ఎవరి పని వాళ్ళది. ఎప్పటి నుంచి ఇలా అడుగుతున్నారో మా అత్తకు కూడా తెలియదు.

మూడేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం మా మరిది శీను మగ్గంలో ఉన్నాడు. నేను అంగట్లో ఒకావిడతో వాదనలో ఉన్నాను. ఉతికితే అంచు రంగు పోతుందని ఆమె, పోదని నేను. మగ్గం ఆగింది. నా చెవికి తెలిసింది. ఈమె సంగతి తేల్చి అడుగుదాంలే అనుకున్నాను. తేల్చాను, గెలిచాను. ఆమె చీర తీసుకుని మెట్లు దిగాక లోపలికి పోయి చూస్తే శీను పడుగు మీదికి వాలిపోయి ఉన్నాడు. ముప్పై ఆరేళ్ళ మనిషి. బాగా ఒళ్ళున్న మనిషి. గుండె అన్నారు. వెంటనే చూసినా దక్కేవాడు కాదేమో అన్నాడు డాక్టరు. ఆ "ఏమో"తోనే ఇప్పటికీ కాపురం చేస్తున్నాను.

నా కూతురు మేఘనకు అప్పుడు తొమ్మిదేళ్ళు. ఎముక, బుగ్గలు, నవ్వు అన్నీ చిన్నాన్నవే. "అంతా శీను పోలికే" అని ఊరంతా మురిపెంగా అనే మాట ఆ రోజు నుంచి నాకు గుచ్చుకునేది. అది మిద్దె మెట్లెక్కి వచ్చి రొప్పుతుంటే నా ఒళ్ళు చల్లబడేది. అందుకని దానికొక కట్టడి పెట్టాను. "ఆయాసమొస్తే ఆడనే కూచో. ఎవురేమన్నా సరే, లేయొద్దు." అన్నం పెట్టేటప్పుడు చెప్పాను, జడ వేసేటప్పుడు చెప్పాను, బడికి పంపేటప్పుడు చెప్పాను. ఆటల పీరియడు నుంచి తప్పించమని బడికి ఉత్తరం రాసి నేనే తీసుకుపోయాను. ఆటలు నేర్పే బసప్ప సారు ఆ కాగితం చేతిలోకి తీసుకోలేదు.

"పిల్లలన్నాక పరిగెత్తల్ల మేడం. కొంచెం కొంచెంగా నేను నేర్పిస్తా. బిడ్డను నాకు వదిలిపెట్టండి."

"నీ విజిలుకు నా బిడ్డ పానం ఒప్పజెప్పల్లనా సారూ? పడిపోతే లేపుతావా నువ్వు?"

"ఎవురు పడిపోతారమ్మా, ఊరికే!"

"మా మరిది పడిపోయినాడు. ఊరికేనే పడిపోయినాడు."

ఆయన కాగితం తీసుకున్నాడు. ఆ వాదన కూడా నేనే గెలిచాను.

ఆ తర్వాత మేఘన గ్రౌండు పక్కన కూర్చుని అందరి నీళ్ళ సీసాలకు కాపలా కాసింది. ఇంట్లో మా అత్త, పోయిన కొడుకు పోలికను కళ్ళారా చూసుకుంటూ, ఓళిగ మీద ఓళిగ వేసి నెయ్యి పోసేది. నేనూ వద్దనలేదు. కూర్చున్న బిడ్డకు తిండి కూడా వద్దంటే ఇంకేం మిగులుతుంది? యూనిఫారం ఏడాదిలో రెండుసార్లు కుట్టించాల్సి వచ్చింది. బడిలో దానికి పేర్లు పెట్టారు. ఆ పేర్లు నేనిక్కడ రాయను.

ఈ ఏడు ఉగాదికి ఆస్పరిలో మా అన్న ఇంటికి పోయాం. మరునాడు కైరుప్పలలో పిడకలాట, ఊరు రెండు పక్షాలై పిడకలు విసురుకునే జాతర. తెలిసినవాళ్ళ మిద్దె మీది నుంచి చూస్తున్నాం. నేను మాటల్లో ఉండగా మేఘన మా అన్న పిల్లలతో కిందికి దిగిపోయింది. పిడకలు గాల్లోకి లేచాయి, దుమ్ము కమ్ముకుంది, జనం ఒక్కసారిగా ఒకవైపు ఒరిగారు. పిల్లలు కేరింతలు కొడుతూ సందులోకి పరిగెత్తారు. ఎన్నాళ్ళకో అదీ పరిగెత్తింది. నేను జనాన్ని తోసుకుంటూ పోయేసరికి ఒక గోడ వారగా చతికిలబడి ఉంది. పెదాలు తెల్లబడ్డాయి. రెండు చేతులూ రొమ్ము మీద పెట్టుకుంది.

"అమా... కూచున్నా. నువ్వు సెప్పినట్లే... కూచున్నా."

"మంచి పని చేసినావు నా తల్లీ" అన్నాను. ఆ మెప్పు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

తిరిగొచ్చాక మా ఊళ్ళో డాక్టరు దగ్గర మొదలుపెట్టాం. ఆయన స్టెతస్కోపు పెట్టి విన్నాడు, బరువు చూశాడు, రక్తం పరీక్షలు రాశాడు. జూన్లో ఆదోనికి పంపాడు, పిల్లల గుండె చూసే డాక్టరమ్మ దగ్గరికి. ఆమె స్కాను తీసి గుండె ఆకారంలో లోపమేమీ కనిపించలేదంది. నా ఊపిరి సగం కిందికి దిగింది. అంతలోనే ఆమె, "ఇది కూర్చున్న గుండె సంగతి. పని చేస్తున్న గుండెను కూడా చూడాలి. నడిపించి, మెల్లగా వేగం పెంచి, ఊపిరి ఎంత తీసుకుంటుందో కొలుస్తాం" అంది. ఊపిరిని కొలిచే ఆ మిషను నెలకొకసారి కర్నూలు నుంచి వస్తుందట.

"గుండె మీద అనుమానముండే బిడ్డను పరిగెత్తించి చూస్తారా?" అన్నాను. "వంతెన గట్టిదా కాదా తెలుసుకోడానికి దాని మీద లారీ తోలినట్లుంది మేడం మీ పరీక్ష."

ఆమె కోపం తెచ్చుకోలేదు. "వంతెనను అలాగే చూస్తారండీ. కాకపోతే లారీలో ఒక్కొక్క బస్తా వేసుకుంటూ, కింద మనుషుల్ని నిలబెట్టి, ఎక్కడైనా చిన్న పగులు కనిపిస్తే ఆపేస్తారు. మేమూ అంతే."

ఆ వాదన నేను గెలవలేదు. పరీక్షకు రోజు రాయించుకుని వచ్చాం.

జూలైలో మొదటి పరీక్ష. పొద్దున బస్సులో మా ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. ఆయన మాటల మనిషి కాదు. తమ్ముడు పోయిన మగ్గంలోనే కూర్చుని నేస్తున్నాడు. ఆస్పత్రి వరండాలో ఇనుప కుర్చీల వరస. మా పక్కన హాలహర్వి నుంచి వచ్చిన ఒక ముసలామె, ఒళ్ళో నిద్రపోతున్న మనవడు. వాడికి పుట్టుకతోనే గుండెలో చిల్లి ఉందట. ఆమె మేఘనను పైనుంచి కిందికి చూసి, "ఈ పాపకేమాయె తల్లీ, గుండ్రాయి మాదిరి ఉండాది" అంది. ఇంకో రోజైతే ఆమెకు నా నోటి రుచి తెలిసేది. ఆ రోజు ఆమె మాట పట్టుకుని వేలాడాను. గుండ్రాయి మాదిరి ఉంది. ఇంకోసారి అనవా అవ్వా అనుకున్నాను.

లోపల గదిలో కదిలే పట్టా, రెండు వైపులా కమ్మీలు. మిషను చూసుకునే ఆమె రజియా, నా ఈడుదే. చన్నీళ్ళతో ముందు తన చేతులు కడుక్కుని, అవి వెచ్చబడేదాకా రెండూ రుద్దుకుని, అప్పుడు మేఘన రొమ్ము మీద వైర్లు అతికించింది. చలి చేతులు తగిలితే పిల్లలు ఉలిక్కిపడతారట. ముక్కూ నోరూ కలిపి మూసే మాస్కు తగిలించేటప్పుడు, "భయం లేదు బేటీ, దీంట్లోంచి గాలి బాగా వస్తాది, నేను రోజూ పెట్టుకుని సూస్తా" అని అబద్ధమో నిజమో చెప్పింది. మేఘన కళ్ళు మాత్రమే బయటికి కనిపిస్తున్నాయి. శీను కళ్ళు.

పట్టా కదిలింది. "కమ్మీ పట్టుకోవద్దు బేటీ, పట్టుకుంటే లెక్క తప్పు వస్తాది" అంది రజియా. "గట్టిగా పట్టుకో, పడతావు" అన్నాను నేను. పిల్ల ఎవరి మాట వినాలో తెలియక ఒక చేత్తో పట్టుకుంది. కాసేపటికి వేగం పెరిగింది, పట్టా ముందువైపు కొంచెం పైకి లేచింది. మాస్కులోంచి ఊపిరి చప్పుడు మొదలైంది. నాకు ఆ చప్పుడు వినిపిస్తోంది, నా మరిది వాలిపోయిన గది కనిపిస్తోంది. మేఘన తల తిప్పి నా మొహం చూసింది. వెంటనే చెయ్యి ఊపింది. రజియా మిషను ఆపేసింది.

డాక్టరమ్మ కాగితం చూసి "తక్కువ వచ్చింది" అంది. ఆ తర్వాత ఆమె చాలా చెప్పింది. నాకేమీ వినిపించలేదు. ఇంకో మగ్గం ఆగిపోయిందని మాత్రం అనుకున్నాను.

ఆమె నన్ను వదిలేసి పిల్ల వైపు తిరిగింది. "ఎందుకు ఆపమన్నావమ్మా? రొమ్ములో నొప్పి వచ్చిందా?"

"లేదు మేడం."

"కళ్ళు తిరిగాయా? కాళ్ళు పట్టేశాయా?"

"లేదు. ఆయాసమొచ్చె."

"ఆయాసం వస్తే?"

"ఆడనే కూచోవల్ల. మా అమ్మ సెప్పింది. దాని మీద కూచునేకి కాదు కదా మేడం, అందుకే చెయ్యి సూపించినా."

మా ఆయన నా వైపు చూడకుండా కింద గచ్చు వైపు చూశాడు. డాక్టరమ్మ కాగితం మడిచింది. "ఇది ఈ పిల్ల గుండె ఎంత పని చేయగలదో చెప్పలేదు. గుండె ఇంకా పనిలోకి దిగకముందే ఈమె ఆపేసింది. బాగుందనీ అనలేను, బాగాలేదనీ అనలేను. వచ్చే నెల మళ్ళీ చేయాలి. అప్పటిదాకా రోజూ నడిపించండి. మాట్లాడగలిగేటంత ఆయాసం వస్తే రానివ్వండి. నొప్పి, కళ్ళు తిరగడం, చూపు చీకటి కావడం, వీటికే ఆగాలి. ఒట్టి ఆయాసానికి ఆగకూడదు."

ఆ నాలుగు వారాలు మా ఇంట్లో ఎవరికీ సుఖం లేదు. చెడు కబురైతే ఏడ్చి ఊరుకోవచ్చు, ఏ కబురూ లేకపోతే ఏం చేయాలి? నేను నడిపించలేకపోయాను. నాలుగు అడుగులకొకసారి "ఎట్లుంది? ఎట్లుంది?" అని అడుగుతుంటే అది నిలబడిపోయేది. మూడో రోజు మా ఆయన వాకిట్లో చెప్పులు విప్పుతూ, గొంతు పెంచకుండా అన్నాడు. "శీను నువ్వు అడగనందుకు సచ్చిపోలేదు పద్మా. పాపను మాత్రం నువ్వు అడిగి అడిగి కూచోబెట్టినావు."

పెళ్ళయిన తర్వాత ఆయన నాతో అన్న అతి పొడుగు మాట అదే. కోపమొచ్చింది, నిలవలేదు. ఆ రోజు మగ్గం ఆగినా నేనడగలేదన్నది మూడేళ్ళుగా నేనెవరికీ చెప్పని సంగతి. నేను చెప్పకుండానే ఆయనకు తెలుసన్నమాట.

మా అత్త లేచి కొంగు దోపుకుంది. "నేను నడుస్తా పాపతో. ఈ యమ్మ ఇంట్లో ఉండనీ."

"నీ మోకాళ్ళతోనా అత్తా? దారిలో దానికేమన్నా అయితే?"

"ఏమే, నా కొడుకు పోయిన గుంటలోనే నా ఇంగో కొడుకు దిగి కూచుంటాండాడు. దినామూ సూస్తాండా. వద్దంటినా నేను? వద్దంటే బువ్వ యాడ్నుంచి వస్తాది? భయము నాకు లేదనుకుంటివా? నేను నీ మాదిరి దాన్ని పిల్లోళ్ళ నెత్తిన పెట్టను, అంతే."

తెల్లవారగానే ఆ ఇద్దరూ బయల్దేరేవాళ్ళు. మోకాళ్ళ నొప్పి ముసలామె, ఒళ్ళున్న పిల్ల. ఎవరు ముందు రొప్పితే వాళ్ళను రెండోవాళ్ళు వెక్కిరించాలట, అది వాళ్ళ ఆట. "జేజి ఈరోజు నాలుగుసార్లు ఓడిపోయిందిమా" అని చెబుతూ వచ్చేది మేఘన. ఓళిగల మీద నెయ్యి తగ్గింది. ఎవరు తగ్గించారో నేనడగలేదు. వాళ్ళు తిరిగొచ్చేదాకా నేను అంగడి తలుపు పట్టుకుని వీధి చివర చూస్తూ నిలబడేదాన్ని. చీరలు అడగడానికి వచ్చినవాళ్ళు నా మొహం చూసి మళ్ళీ వస్తామని వెళ్ళేవాళ్ళు.

ఆగస్టులో రెండోసారి ఆదోని. ఈసారి డాక్టరమ్మ తలుపు దగ్గరే ఆపింది. "అమ్మ బయట ఉండాలి."

"నేను తల్లిని మేడం. నా బిడ్డ లోపల ఉంటే నేను బయట ఉండాలని ఏ పుస్తకంలో రాసుండాది? పోయినసారి పొరపాటు పోయినసారి. ఈసారి నోరు మూసుకుంటా, గోడ వైపు తిరిగి నిలబడతా, కావాలంటే..."

మేఘన నా కొంగు లాగింది. "నువ్వు బయట ఉండుమా. నీ మొగం సూస్తేనే నాకు ఆయాసమొస్తాది."

వాళ్ళ నాన్నతో అది లోపలికి పోయింది. తలుపు మూసుకుంది.

ఇనుప కుర్చీలో అదే హాలహర్వి అవ్వ. మనవడికి ఆపరేషను రోజు రాసిచ్చారట. ఆమె చేతిలో కాగితం పొట్లంలో బొరుగుల ఉగ్గాని. "తిను తల్లీ" అంది. పొట్లం తిరిగి ఆమె వైపే తోశాను. నా చేతి మీద తన చెయ్యి పెట్టింది. "సుమ్నే, ఊరికే కూకో. నీ బిడ్డనైతే లోపల సూసేకే పోయినారు. వీనికి కోసేకి పోతారు. నేను కూకోలేదా?"

తలుపు వెనక పట్టా చప్పుడు మొదలైంది. దాని మీద నా బిడ్డ అడుగులు. దబ్, దబ్, దబ్. మెల్లగా. తర్వాత కొంచెం వేగంగా. నేను లెక్కపెట్టడం మొదలుపెట్టి వదిలేశాను. పోయినసారి ఆగినచోటు దాటిందని నా ఒళ్ళే చెప్పింది. ఇంకా వేగం. అడుగులు గట్టిగా పడుతున్నాయి. రజియా గొంతు, "శభాష్ బేటీ, ఇంకొంచెం, ఇంకొంచెం." దబ్‌దబ్‌దబ్‌దబ్. ఆ చప్పుడు ఆగకూడదు. ఆగకపోతే బిడ్డ ఏమైపోతుంది? ఆగాలి. ఆగితే?

ఆగింది.

నేను లేచిన సంగతి నాకు తెలియదు. వరండా అంతా వినపడేటట్టు, "పోగా?" అని కేకేశాను.

జవాబు రాలేదు.

"మేఘనా! పోగా?"

లేదు. లోపల ఏదో ఇనుము కదిలిన చప్పుడు. అవ్వ నా నడుము పట్టుకుంది. ఆ కొన్ని క్షణాల్లో నేనా అంగట్లోనే ఉన్నాను, ఆ చీర అంచు నా చేతిలోనే ఉంది, వెనక గదిలో చప్పుడు లేదు. మూడేళ్ళు ఆలస్యంగా అడిగాను కనుక నాకు జవాబు రాదు అనుకున్నాను.

తలుపు తెరుచుకుంది. రజియా. "ఏమక్కా ఆ కేకలు! ఊపిరి లెక్క ఇంకా అయిపోలే, మూతికి మాస్కుంటే పాప ఎట్ల మాట్లాడతాది?" ఆమె భుజం మీదుగా చూశాను. కుర్చీలో మేఘన. మొహం మిరపపండు. చెమట కారుతోంది. మాస్కు లోపల నోరు తెరుచుకుని ఉంది, భుజాలు లేస్తూ పడుతూ ఉన్నాయి. నా వైపు చూసి చెయ్యెత్తింది, పోయినసారి ఆపమన్నట్టు కాదు. బొటనవేలూ చూపుడువేలూ కలిపి, తెగిన పోగు ముడివేసినట్టు మెలితిప్పి చూపించింది.

నేను వరండా నేల మీద కూలబడి ఏడ్చాను. అవ్వ ఉగ్గాని పొట్లం నా ఒళ్ళో పెట్టింది. ఈసారి తిన్నాను.

ఫలితం కాగితం పట్టుకుని డాక్టరమ్మ చెప్పింది. ఒక్కో కిలో బరువుకు లెక్క వేస్తే ఊపిరి ఇప్పటికీ తక్కువేనట. అయితే గుండె వేగం పెరగాల్సినట్టు పెరిగింది, దిగాల్సినట్టు దిగింది, గీతల్లో ఎక్కడా తేడా లేదు. "మీ మార్కెట్లో హమాలీ పత్తి మూట ఎత్తుకుని నడుస్తూ రొప్పితే, వాడి గుండె చెడిపోయిందంటారా? మూట బరువంటారు. ఈమె గుండె గట్టిగానే పని చేస్తోంది. మోస్తున్నది ఎక్కువ, మోసే అలవాటు తక్కువ. రెండూ మారతాయి, మెల్లగా."

"మరి మా మరిది?"

"ఆయన గుండె నేను చూడలేదండీ. ఈమెది చూశాను."

"దీనికెప్పటికీ ఏమీ కాదని రాసిస్తారా?"

"రాయను. ఎవరికీ రాయను, మీకైనా సరే. రోజూ ఆడుకోవచ్చని రాసిస్తాను."

ఆ కాగితం తీసుకుని బడికి పోయాను. బసప్ప సారు నా పాత ఉత్తరం ఇంకా తన సొరుగులోనే దాచి ఉంచాడు. దాన్ని నా ముందు చించలేదు, తిరిగి నా చేతికిచ్చాడు. "ఈపొద్దు ఉండి సూసి పోండి మేడం" అన్నాడు. అందులో ఎత్తిపొడుపు ఉందేమోనని వెతికాను, లేదు.

నా భయం పోయిందని రాస్తే అబద్ధం. దాన్నిప్పుడు నా దగ్గరే పెట్టుకుంటున్నాను, అంతే తేడా. గేటు దగ్గర రెండు చేతులతో కమ్మీ పట్టుకుని నిలబడ్డాను. విజిలు మోగింది. పిల్లలంతా ఒక్క ఊపున పోయారు. మేఘన అందరికన్నా వెనక, జడలు ఊగుతూ, కాళ్ళు బరువుగా వేస్తూ. సగం దాటింది. మలుపు తిరిగింది. గ్రౌండు అవతలి చివర ఆగిపోయింది. వంగి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుంది. అంత దూరంలో మొహం కనపడదు.

నా నోరు తెరుచుకుంది. బసప్ప సారు నా వైపు చూశాడు. నోరు మూసుకున్నాను. కమ్మీని ఇంకా గట్టిగా పట్టుకున్నాను.

అది అలాగే వంగి ఉండి, తల మాత్రం ఎత్తి, గేటు ఎక్కడుందో వెతుక్కుని, నేనడగకుండానే అరిచింది.

"పోగేమా!"

మళ్ళీ పరిగెత్తింది.